మద్దిలేటి కాలి కింది పెడల్

ముందే చెబుతున్నాను, నా రాతలో తప్పులుంటాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడుముకుంటాను. ఒక్కో పేజీకి రెండు మూడు పూటలు పట్టింది. ఇంట్లో ఉన్న ఏదైనా వస్తువు తన కథ తాను చెప్పుకున్నట్టు రాయమని మా ఫర్జానా టీచరు చెప్పింది. క్లాసులో మిగతావాళ్ళు రోలు గురించి, కుట్టుమిషను గురించి రాశారు. మా ఇంట్లో ఎక్కువ చెప్పుకోవలసింది దీనికే ఉంది. కొంచెం ఓపికగా చదవండి.

నేను ఒక గిటారు పెడల్‌ని. అరచేతిలో పట్టే ఇనప డబ్బాని. కరెంటు గిటారుకూ స్పీకరు పెట్టెకూ మధ్య నేల మీద నా చోటు. గిటారు నుంచి ఒక వైరు నాలోకి వస్తుంది, ఇంకో వైరు నాలోంచి స్పీకరుకు పోతుంది. నా నడినెత్తిన ఉన్న బొత్తాన్ని కాలితో తొక్కితే నుదుట ఎర్ర దీపం వెలుగుతుంది, మెత్తగా మోగుతున్న గిటారు గరగరమంటూ గొంతు పెంచుతుంది. నా విద్య ఇంతే.

బెంగళూరులో బషీర్ సాబ్ అనే రేడియో మెకానిక్ నన్ను చేశాడు. ఆ రోజు బల్ల మీద ఏ సామాను మిగిలితే అది నాలో పెట్టి అతికాడు. పక్క షెడ్డులో ఆటోకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు నాకు పూశాడు. మొదట నన్ను కొన్న చర్చి గిటారిస్టు రెండు ఆదివారాలు తొక్కాడు. పాస్టరుగారు చెవులు మూసుకోవడం చూసి నన్ను తిరిగి ఇచ్చేశాడు. తర్వాత మద్దిలేటి వచ్చాడు.

మద్దిలేటి గుంతకల్లు రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేసే ఉద్యోగి. నన్ను తిప్పి చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "ఇది పాతకాలం జపాను సరుకు. ఇప్పుడు కావాలన్నా దొరకదు" అన్నాడు. బషీర్ సాబ్ గడ్డం గోక్కుని డబ్బులు లెక్కపెట్టుకున్నాడు. అలా నేను జపాను దాన్నయ్యాను.

గుంతకల్లు క్వార్టర్సుకు వచ్చాక తెలిసింది, ఈయన దగ్గర గిటారు ఒకటే, అభిప్రాయాలు వెయ్యి. కొత్త తీగలు కూస్తాయట, పాత తీగలే మాట్లాడతాయట. వైరు మూడు గజాలు దాటితే శబ్దం దార్లోనే అలిసిపోతుందట. గోడ కరెంటు పెడితే గూడ్సు బండి రొద వస్తుందట, బ్యాటరీ శబ్దం తల్లిపాలట. ఒకసారి సెట్టింగు కుదిరాక వైరు పీకకూడదట, పీకితే చెదురుతుందట. వైరు గుచ్చి ఉన్నంతసేపూ నా బ్యాటరీ కరిగిపోతూనే ఉంటుందని బషీర్ సాబ్ చెప్పి పంపాడు. మద్దిలేటి దాన్ని మెకానిక్ మాటగా తీసుకున్నాడు, సంగీతం మాటగా తీసుకోలేదు.

వినడానికి ఇంట్లో ఉన్నది ఒక్క మనిషి, భార్య సుంకమ్మ. పత్తికొండ దగ్గర బుడ్డల చేలల్లో, అంటే వేరుశనగ చేలల్లో, కలుపు తీస్తూ పాటలు పాడి పెరిగిన మనిషి. వంటింట్లోంచి అడిగేది, "ఏమయ్యా, ఒక పాట వాయించగూడదా?"

"ముందు టోన్ కుదరనీ మే."

"కుదిరినాక వాయిస్తావా?"

"కుదిరితే ఇంక వాయించేదేముంది, అదే వాయిస్తాది."

మొదటిరోజు ఆయన నన్ను తొక్కడం చూసి ఆమె చేతిలో చేట పక్కన పెట్టింది. "వాయిద్యాన్ని కాలితో తొక్కుతావా? సరస్వతి కదయ్యా" అంది. ఆయన నవ్వాడు. ఆ వారమే మూడు రోజులు జ్వరంతో పడుకున్నాడు. లేచిన దగ్గర్నుంచి నన్ను తొక్కడం, వంగడం, నన్ను తాకి కళ్ళకద్దుకోవడం అలవాటు చేసుకున్నాడు. వంగినప్పుడు గిటారు మెడ మంచం కోడుకు తగిలేది. శ్రుతి తప్పేది. మళ్ళీ మొదటి నుంచి బిగించేవాడు. పద్దెనిమిదేళ్ళలో ఒక్క పాటా పల్లవి దాటలేదు.

ఆమె దుమ్ము తుడిచేటప్పుడు తడిగుడ్డకు శబ్దాన్ని దిద్దే నా మీది మరలన్నీ తిరిగిపోయేవి. ఆ సాయంత్రం ఆయన గిటారు మీటి, "వాన పడింది చూడు, గాలి మారింది. ఎంత బాగుందో" అనేవాడు. ఆమె గుడ్డ పిండి దండెం మీద ఆరేసేది.

ఆయన రిటైరు కావడానికి ముందు సంవత్సరం ఒక సంగతి జరిగింది. రైల్వే ఉద్యోగుల క్లబ్బయిన ఇన్‌స్టిట్యూట్‌కు సెక్రటరీ భార్య మార్గరెట్ కొళాయి దగ్గర సుంకమ్మ కూనిరాగం విని, దసరా కార్యక్రమంలో కలుపుపాట పాడమని అడిగింది. అప్పటిదాకా కాలనీలో ఆమెను 'గిటారు మద్దిలేటి పెళ్ళాం' అనేవాళ్ళే గానీ పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. జనం ముందు ఒక్కసారి తన పాట తాను పాడాలని ఆమెకు గట్టిగా అనిపించింది. పక్కన భర్త వాయించాలని కూడా అనిపించింది. "మా ఆయన వాయిస్తే పాడతా" అని మాట ఇచ్చేసింది.

పది రోజులు సాధన జరిగింది. ఆమె పల్లవి ఎత్తుకునేది, ఆయన చెయ్యి ఎత్తి ఆపేవాడు. "ఆ స్పీకరు ఇంకా జానెడు జరగాల. రేపు చూద్దాం." ఆ పది రోజులూ వైరు నాలోనే ఉంది.

దసరా సాయంత్రం స్టేజీ మీద ఆమె పాదాల పక్కనే నేనున్నాను. ఆమె కాలివేళ్ళు చెక్కను గట్టిగా పట్టుకున్నాయి, మెట్టెలు టకటకమంటున్నాయి. పేరు పిలిచారు. మద్దిలేటి జనానికి వీపు చూపించి వంగి నా మరలు తిప్పుతున్నాడు. "ఒక్క నిమిషం. ఒక్క నిమిషం." డోలక్ అతను రెండుసార్లు ఎత్తుకుని ఆపేశాడు. వెనక వరసలోంచి ఎవరో, "అన్నా, సిగ్నల్ ఇయ్యి, బండి అవుటర్‌లో నిలబడింది" అన్నారు. హాలంతా నవ్వింది. తర్వాతి అంశం నృత్యం, పిల్లలు గజ్జెలతో పక్కన సిద్ధంగా ఉన్నారు. ఇంకాసేపు ఆగితే ఆమెను దింపేస్తారు.

సుంకమ్మ భర్త వీపు వంక ఒకసారి చూసి, పాట ఎత్తుకుంది.

మొదటి చరణం వాయిద్యం లేకుండానే పాడింది. రెండో చరణానికి డోలక్ కలిసింది. కాలనీ ఆడవాళ్ళు చప్పట్లతో అందుకున్నారు. అప్పుడు మద్దిలేటి లేచి నన్ను గట్టిగా తొక్కి, భక్తితో కళ్ళు మూసుకునే వంగి అద్దుకుని, తల ఊపుతూ వాయించడం మొదలుపెట్టాడు. నా దీపం వెలగలేదు. నాలో ప్రాణం మధ్యాహ్నమే అయిపోయింది. నేను చచ్చి ఉంటే గిటారు నన్ను దాటి పోలేదు, మద్దిలేటి శబ్దమంతా నా దగ్గరే ఆగిపోయింది. స్పీకరు జనం వైపు తిరిగి ఉంది, తన మోత అటు వినబడుతోందని ఆయన నమ్మకం.

మూడో చరణంలో ఆమె కిందికి చూసి, నా నల్లటి నుదురు గమనించింది. తొక్కినా దీపం వెలగకపోతే గిటారు మోగదని పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్న మనిషికి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. పాట ఆపలేదు, ఆఖరి చరణం దాకా పాడింది.

చప్పట్లు చాలాసేపు మోగాయి. మద్దిలేటి కళ్ళు తెరిచి ఆమె చెవి దగ్గరకు వచ్చాడు. "చూస్తివా మే? టోన్ అంటే అది."

ఆ తర్వాత ఆయన బతికిన తొమ్మిదేళ్ళూ ఇంటికి ఎవరొచ్చినా ఆ సాయంత్రం గురించే వినాల్సివచ్చేది. "ఏం వదినా, అంత బాగా వాయించినాడా?" అని వాళ్ళు అడిగితే, "ఔ, బాగా వాయించె" అని ఆమె టీ ఇచ్చేది. జాలితో అంటే కొంత నిజం. చెబితే బ్యాటరీల మీద ఇంకో తొమ్మిదేళ్ళు వినాలనేది మిగతా నిజం.

ఆ అబద్ధానికి ఆమెకు బాగానే శాస్తి జరిగింది. మార్గరెట్ ప్రతి దసరాకూ పిలిచేది. మద్దిలేటే వాకిట్లోకి వెళ్ళి జవాబు చెప్పేవాడు. "ఆ పొద్దు కుదిరిన టోన్ మళ్ళీ కుదరదు మేడమ్. నా గిటారు లేకుండా ఆమె ఎట్ల పాడుతాది?" లోపల సుంకమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చునేది. నిజం నోటిదాకా వచ్చి ఆగిపోయేది, మళ్ళీ దసరా అయిపోయేది.

ఆయన పోయాక గిటారు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళింది. నన్ను ఎవరూ అడగలేదు. ఇప్పుడు కిటికీ పక్క బల్ల మీద, ఫ్యాను గాలికి కాగితాలు లేవకుండా ఆమె నోటుబుక్కు మీద కూర్చుంటున్నాను. ఎక్కడ పెడితే అక్కడుంటాను, అభిప్రాయాలు లేవు.

మొన్న, రాబోయే దసరా కార్యక్రమానికి జాబితా కాగితం ఇన్‌స్టిట్యూట్ నుంచి ఇంటికి వచ్చింది. పాట పాడేవారి పేరు అన్న గడిలో ఆమె తన పేరు తానే రాసింది. చాలాసేపు పట్టింది. పక్క గడిలో వాయించేవారి పేరు అని ఉంది. కూడబలుక్కుని రెండుసార్లు చదివి, అందులో అడ్డంగా ఒక గీత గీసింది.

ఇట్లు,
బోయ సుంకమ్మ, అరవై ఏడేళ్ళు.
ఇప్పుడు ఉండేది గుంతకల్లులో, పాత రైల్వే క్వార్టర్ల వెనక వీధి.