ఉతికిన కోటు

ఇస్త్రీ పెట్టె సెగ చూసుకుని ఆమె మరో చొక్కా బల్ల మీద పరిచింది. ముందు కాలరు, తర్వాత భుజాలు, చేతులు, చివరికి వీపు. ఎంత దిగులున్నా ఆ వరస తప్పదు. ముంజేతి నిండా పాత కాలిన మచ్చలు. వేళ్ల చివర్లు అరిగి నున్నగా అయిపోయాయి. వీధిలో అందరికీ ఆమె ఇస్త్రీ అక్క. నోరారా అక్కా అని పిలవాల్సినవాడు మాత్రం జైల్లో ఉన్నాడు.

తమ్ముడు టాక్సీ నడిపేవాడు. సీటు కింద మత్తుమందు పొట్లం దొరికింది. అది దిగిపోయిన ప్రయాణికుడిదనీ, అతను మరచిపోయిన కోటును మెకానిక్ షెడ్డులో తగిలించాననీ మొత్తుకున్నాడు. వెతికితే కోటు కనబడలేదు. అసలు ప్రయాణికుడే లేడని శిక్ష వేశారు. ఈమధ్య షెడ్డు పడగొడుతుంటే పాత బ్యాటరీల కింద ఆ కోటు బయటపడింది. మెకానిక్ పరుగున తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు.

కోర్టుకు వెళ్లే బట్ట! చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. జేబులు తిరగేసి, కుట్లలో దుమ్ము బ్రష్షుతో దులిపి, గ్రీజు వదిలేదాకా ఉతికి, ఇస్త్రీ చేసి ప్లీడరుకు ఇచ్చింది.

సబ్బు వాసన తగలగానే ప్లీడరు కుర్చీలో కూలబడ్డాడు. “ఎంత పని చేశావమ్మా!”

“మురికి గుడ్డ జడ్జిగారి ముందు పెడతామా బాబూ?”

“ఆ మురికే కదమ్మా మనకు కావలసింది! పరీక్షకు పంపితే ఆ మత్తుమందు పొడో, ఆ ప్రయాణికుడి వెంట్రుకో, ఏదో ఒకటి దొరికేది. ఇప్పుడిది పెళ్లికి బయల్దేరిన కోటులా ఉంది.”

అయినా అప్పటికే నడుస్తున్న అప్పీల్లో కొత్త సాక్ష్యం తీసుకోమని అర్జీ పెట్టాడు. ఇవాళే విచారణ. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీశానో లేదోనని వెనక్కి వచ్చి చూసుకుని, మళ్లీ వచ్చి చూసుకుని, ఆమె కోర్టుకు వెళ్లింది.

గుమాస్తా కోటు జేబులు బయటికి లాగి చూపించాడు. జడ్జి కళ్లజోడు సవరించుకున్నాడు.

“కోటు దొరికిందంటున్నారు, సరే. ఇది ఎవరిదో, పొట్లంతో దీనికి సంబంధమేమిటో చెప్పడానికి ఇందులో ఏముంది?”

ప్లీడరు కాగితాలు తిరగేశాడు. ఆమె లేచి నిలబడింది.

“అయ్యా, ఉతికింది నేను. వాడు కాదు.”

“కూర్చోమ్మా,” అన్నాడు బంట్రోతు. అతను మెత్తగానే అన్నాడు. అదే ఆమెకు ఎక్కువ మండింది. కేకలేసి ఉంటే తిరిగి నాలుగు మాటలు అనేది.

అర్జీ కొట్టేశారు. అప్పీలూ పోయింది.

దూరపు జైలుకు పంపుతున్నారట. కోర్టు బయట పోలీసు వ్యాను కమ్మీల్లోంచి తమ్ముడు తొంగిచూశాడు. గడ్డంలో తెల్ల వెంట్రుకలు కనబడ్డాయి.

“నా చేతులు పడిపోనూ! నీ గొంతు నేనే కోశాన్రా.”

“ఊరుకో అక్కా. చిన్నప్పుడు చాక్లెట్టు జేబులో దాచుకుంటే చొక్కాతో సహా ఉతికేశావు. అప్పుడు నేను ఏడ్చాను. ఇప్పుడు నీ వంతు.” నవ్వబోయాడు. “అన్నం వేళకు తిను.”

చలికి ఏం కప్పుకుంటావురా అని ఆమె అడుగుతుండగానే వ్యాను కదిలింది.

కోటు తిరిగి ఇచ్చేశారు. సాయంత్రం కొట్లో దాన్ని కొక్కేనికి తగిలించి, పొద్దున వదిలేసిన చొక్కాలు అందుకుంది. ముందు కాలరు, తర్వాత భుజాలు.

చొక్కాల కోసం వచ్చినాయన, “ఎవరిదక్కా ఆ కోటు? బాగా ఉతికావే!” అన్నాడు.

ఆమె మరో చొక్కా బల్ల మీద పరిచింది. కొక్కేనికి కోటు వేలాడుతోంది, గుమాస్తా లాగిన జేబులు రెండూ అలాగే బయటికి, తెల్లగా, మచ్చ లేకుండా.