లోపలున్నవన్నీ తీసెయ్యాలి

స్మార్ట్ వాచీ నోరు తెరుచుకుని వచ్చింది.

అద్దం ఒకవైపు బియ్యపుగింజంత పైకి లేచింది. అది ఊడిపోకుండా రెండు రబ్బరు బ్యాండ్లు బిగించి ఉన్నాయి. వాటిని చూడగానే రిపేరు షాపామె కుర్చీ వెనక్కి జరిపింది. చేతిలో ఎప్పుడూ పట్టకారు ఉంటుంది కాబట్టి వీధంతా ఆవిణ్ణి పట్టకారక్క అంటారు.

"ఎన్నాళ్ళయింది ఇలా కట్టి?"

"నాలుగు రోజులు," అన్నాడు వాచీ తెచ్చినాయన. యాభై దాటిన మనిషి. చొక్కా జేబు మీద టవర్ క్రేన్ బొమ్మ, కింద 'ఆపరేటర్' అని కుట్టి ఉంది.

"చేతికి పెట్టుకునే తిరిగారా?"

"పెట్టుకోకపోతే టైమెలా తెలుస్తుంది?"

"ఇంకో రెండు రోజులు పెట్టుకునుంటే టైముతో పనుండేది కాదు." ఆవిడ కత్తెరతో రబ్బరు బ్యాండ్లు కత్తిరించింది. అద్దం ఊపిరి పీల్చుకున్నట్టు మరికాస్త లేచింది. "అద్దం ఊడింది కాదన్నా ఇది. లోపల బ్యాటరీ ఉబ్బి అద్దాన్ని నెడుతోంది. మీరేమో పైనుంచి నొక్కుతున్నారు. ఎక్కడైనా చిట్లితే మంటే."

ఆపరేటర్ మణికట్టు నిమురుకున్నాడు. తర్వాత జేబులోంచి మడిచిన చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. ఇంట్లోనే రాసుకొచ్చాడు. గుండ్రటి దస్తూరీ.

బ్యాటరీ మార్చాలి. అద్దం అతికించాలి. లోపలున్నవన్నీ తీసెయ్యాలి.

"అన్నీనా?"

"అన్నీ." ఆ మాటంటున్నప్పుడు ఆయన గోడ మీది గడియారం చూస్తున్నాడు. "ఐదింటికి డ్యూటీ ఎక్కాలి. ఎప్పుడు రమ్మంటారు?"

"మూడింటికి. ఫోన్ నంబరు రాసి వెళ్ళండి."

ఆయన వెళ్ళాక పట్టకారక్క ఇసుక బకెట్టు కాలి దగ్గరికి లాక్కుంది. కిటికీ పూర్తిగా తెరిచింది. వేడి పలక మీద వాచీని బోర్లా పెట్టి జిగురు మెత్తబడేదాకా ఆగింది. ఉబ్బిన బ్యాటరీకి మరీ వేడి తగలకూడదు. అందుకే నిమిషానికోసారి తీసి వేలితో చూసింది, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు.

తర్వాత ప్లాస్టిక్ పుల్ల. ఇనుప బ్లేడు ముట్టుకోదు. ఒక మూల దూర్చి, జిగురు తీగలు సాగుతుంటే అంచు వెంబడే జరిపింది. అద్దం విడిపోయింది, కానీ పూర్తిగా కాదు. సన్నటి రిబ్బను కేబులు ఒకటి దాన్ని పట్టుకునుంది. అది తెగితే తెర చచ్చినట్టే. గోరు మొనతో దాని తాళం ఎత్తి విడదీసింది.

బ్యాటరీ బయటపడింది. నూనెలో పొంగిన అప్పంలా గుండ్రంగా, మెరుస్తూ. దాని కింద పుల్లను కాగితమంత మందాన జరుపుతూ ఆరు నిమిషాలు పట్టింది. ఊడొచ్చిన మరుక్షణం ఇసుకలో పూడ్చింది. అప్పుడు వదిలింది బిగపట్టిన ఊపిరి.

కొత్తది పెట్టింది. రిబ్బను కలిపింది. అంచు చుట్టూ కొత్త జిగురు పట్టీ వేసి, అద్దం మూసి, చిన్న క్లాంపులో బిగించింది. ఛార్జర్ తగిలించగానే తెర వెలిగింది.

ఇక మిగిలింది చీటీలో మూడో పని. దానికి ఆయన కోడ్ కూడా అక్కర్లేదు. ఛార్జింగులో ఉండగా పక్క బటన్ నొక్కిపట్టుకుంటే చాలు. పట్టుకుంది. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి: మొత్తం చెరిపెయ్యాలా?

బొటనవేలు తెర మీదికి వెళ్తుండగా తలుపు తోసుకుని ఒకామె వచ్చింది. భుజాన సంచీ, చేతిలో ఆసుపత్రి ఫైలు.

"మా ఆయన వాచీ ఇచ్చారట, క్రేన్ ఆయన. అయిపోయిందా అక్కా? తీసేశారా?"

"ఇదిగో, ఇప్పుడే తీసేస్తున్నా."

"హమ్మయ్య. అన్నీ తీసెయ్యండి. ఒక్కటి కూడా వదలొద్దు."

"వదలను," అంది పట్టకారక్క. బొటనవేలు కిందికి దిగింది.

"ఇంతకీ దేనిమీద తీస్తారు? కాగితం మీద తీసిస్తారా, నా ఫోన్లోకా?"

వేలు ఆగింది. తెరకి వెంట్రుకవాసి దూరంలో.

పట్టకారక్క వాచీని మెల్లగా ఛార్జర్ మీంచి ఎత్తింది. ఎర్ర అక్షరాలు మాయమయ్యాయి. "కూర్చో అమ్మా," అంది. "ఏం తియ్యాలో మొదట్నుంచి చెప్పు."

ఆమె చెప్పింది. నెలలో రెండుసార్లు ఆయనకి కళ్ళు తిరిగాయి. ఆసుపత్రిలో యంత్రం పెడితే అంతా బాగానే ఉంది. బాగున్నప్పుడు పెడితే బాగానే ఉంటుంది కదా. గుండె లయ తప్పినప్పుడల్లా ఈ వాచీ గుర్తు పెట్టుకుంటుందట. అవి పట్టుకురమ్మన్నారు డాక్టరు గారు, ఈరోజు నాలుగింటికి. ఫోను మార్చాక వాచీని దానికి జత చెయ్యలేదు. ఉన్నవన్నీ వాచీలోనే.

"ఈ చీటీ నువ్వు చూశావా?"

"చూడకేం? చదివి ఆయన జేబులో పెట్టింది నేనే. తీయించుకు రమ్మని నేనే కదా చెప్పాను."

పట్టకారక్క ఆపరేటర్‌కి ఫోన్ చేసి, వాచీ తయారైందని మాత్రం చెప్పింది.

ఐదు నిమిషాల్లో వచ్చాడాయన. గుమ్మంలో భార్యని చూసి చెప్పు విప్పబోయి, ఇది ఇల్లు కాదని గుర్తొచ్చి మళ్ళీ తొడుక్కున్నాడు.

"నువ్వెందుకొచ్చావు?"

"మీరు మర్చిపోతారని."

"అన్నా," అంది పట్టకారక్క చీటీ చూపించి. "తీసెయ్యాలి అని రాశారు. బయటికి తియ్యాలా, చెరిపెయ్యాలా? క్షణం ఆలస్యమైతే చెరిపేసేదాన్ని."

భార్య చీటీ వైపు చూసింది, ఆయన వైపు చూసింది, మళ్ళీ చీటీ చదివింది. ఈసారి పెదవులు కదుపుతూ.

"అమ్మో," అంది. "అమ్మో, అమ్మో. ఇరవై ఆరేళ్ళు కాపురం చేశాను, మీకింత తెలివుందని తెలీదు."

"నువ్వన్న మాటే రాశాను."

"చెరిపెయ్యాలని రాస్తే నాకు దొరికిపోతారనేగా!"

"దొరికిపోతాను కాబట్టే రాయలేదు," అన్నాడాయన. గొంతు తగ్గింది. "కళ్ళు తిరిగాయి, నిజమే. రెండుసార్లూ క్రేన్ మెట్లెక్కేటప్పుడే. క్యాబిన్లో కూర్చున్నాక నాకేమీ అవదు. వాచీలో ఆ గుండె గీతలు చూస్తే డాక్టరు ఒక్క సంతకంతో కిందికి దించేస్తాడు. ఇరవై రెండేళ్ళు పైన కూర్చున్నవాణ్ణి. కింద ఏం చెయ్యను? గేటు దగ్గర వచ్చేపోయే బళ్ళు లెక్కపెట్టనా?"

"నాకు ఇంట్లో ఉంటే చాలు."

"నీకు చాలు. నాకో?"

ఇద్దరూ పట్టకారక్క వైపు తిరిగారు, తీర్పు చెప్పమన్నట్టు. ఆవిడ వాచీని ఆయన ముందుకి జరిపింది.

"నన్ను చూడకండి. నేను బ్యాటరీలు మారుస్తాను, మొగుళ్ళని కాదు. వాచీ మీది. చెరపమంటే చెరుపుతా. కానీ ఏం చెరుపుతున్నారో చూసి చెప్పండి. ఎన్నున్నాయో మీరు ఎప్పుడైనా చూశారా?"

"రెండే ఉంటాయి. మెట్ల దగ్గరివి."

కోడ్ కొట్టాడు. జాబితా తెరిచాడు. కళ్ళద్దాలు లేవు, అందుకని చెయ్యి దూరంగా పెట్టి చూశాడు.

ఏడున్నాయి.

మొదటి రెండూ ఆయన చెప్పినవే. మూడోది ఆదివారం, పడుకునుండగా. నాలుగోది, ఐదోది డ్యూటీలో. ఆరో దాని దగ్గర వేలు ఆగిపోయింది. గురువారం పగటి డ్యూటీలో, పదకొండు నలభై.

"ఇది తప్పు," అన్నాడు.

"ఏది?"

"గురువారం పదకొండు నలభైకి నీళ్ళ ట్యాంకు ఎత్తుతున్నాను. నాలుగు టన్నులు. దాన్ని దించుకోవడానికి పైకప్పు మీద తొమ్మిదిమంది చేతులెత్తి నిలబడ్డారు." ఆయన వాచీని దగ్గరికి తెచ్చి, దూరంగా జరిపి, మళ్ళీ చదివాడు. "ఆ రోజు నాకేమీ అనిపించలేదు. ఏమీ. వెంట్రుకంత కదలకుండా దించాను. అందరూ చప్పట్లు కొట్టారు."

బయట ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యలేక తంటాలు పడుతున్నారు. నాలుగో తన్నుకి స్టార్టయి వెళ్ళిపోయింది.

"కళ్ళు తిరిగితే తెలుస్తుందనుకున్నాను," అన్నాడాయన. "తెలిస్తే ఆపుతాను కదా. మీట వదిలేస్తే బరువు ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. కానీ తెలియకపోతే?"

ఆయన వాచీని భార్య చేతిలో పెట్టాడు. ఆమె ఒక్కొక్కటే ఫోనుతో ఫోటో తీసుకుంది. పట్టకారక్క తెర మీద వెలుతురు పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది.

మూడో ఫోటో తీస్తుండగా ఆపరేటర్ గోడవైపు తిరిగి సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాడు.

"నేనే. ఈ పూట పైకెక్కడం లేదు, ఇంకొకర్ని చూసుకో... లేదయ్యా, జ్వరం లేదు. ఒంట్లో బాగానే ఉంది." మరెందుకు ఎక్కవని అవతలివాడు అడిగాడు. "అదేనయ్యా నేను చెప్పేదీ. బాగానే ఉన్నట్టుంది. రేపు కూడా ఎక్కను. డాక్టరు ఎక్కమనేదాకా ఎక్కను. ఆ మాట రాసుకో."