మూడో ప్రపంచం చీటీ

నిఘంటువు కొత్త కూర్పు కోసం ‘మ’ అక్షరం సరిచూస్తుంటే సంపాదకురాలి చేతికి ఓ పాత చీటీ తగిలింది. ‘మూడో ప్రపంచం: అగ్రరాజ్యాల రెండు కూటముల్లో దేనిలోనూ చేరని దేశాలు’ అన్న అర్థాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, పైన ‘పేద దేశాలు’ అని రాసి ఉంది. ఎర్రగీత కింద పడిన ఆ మొదటి అర్థం పేచీమాస్టారి దస్తూరీ.

మాటమాటకీ పేచీ పెడతాడని ఆఫీసు పెట్టిన పేరది. ఇరవై రెండేళ్ల కిందట ఈ ఒక్క చీటీ మీద, దాన్ని కొట్టేసిన అప్పటి పెద్ద సంపాదకుడితో తగువు పడి, ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చి వెళ్లిపోయాడు. ఆ తగువు జరుగుతుంటే పక్క బల్ల దగ్గరున్న ఈ సంపాదకురాలు తలెత్తలేదు. ఆయన మాటే సరైనదని తెలిసీ ఎత్తలేదు.

ఆదివారం చీటీ పట్టుకుని ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. తలుపు తీసిన మనిషికి జుట్టు నెరిసింది గానీ, కళ్లద్దాలు ముక్కుకొసకు జారడం మానలేదు.

“మీరా! రండి, కూర్చోండి.”

ఒకప్పుడు ‘నువ్వు’ అన్న నోరది.

“ఈ అర్థానికి ఆధారం రాయలేదు మీరు,” అంటూ చీటీ అందించింది.

“ఇంకా బతికుందా ఇది!” అని నవ్వాడాయన. “యాభైల్లో ఓ ఫ్రెంచి జనాభా శాస్త్రవేత్త వ్యాసంలో వాడాడు. రాజుల కాలంలో వాళ్ల దేశంలో మతపెద్దలు మొదటి వర్గం, ప్రభువులు రెండోది. మిగతా జనమంతా మూడోవర్గం. చాకిరీ వీళ్లది, పెత్తనం పై రెండు వర్గాలది. చివరికి తిరగబడింది ఆ మూడోవర్గమే. ఈ దేశాలూ అలాంటివే అన్నాడు. పేదరికం తర్వాత అంటుకున్న మసి.”

“ఇప్పుడు జనం ఆ అర్థంలోనే వాడుతున్నారుగా?”

“కాదన్నానా? దాన్ని రెండో అర్థంగా వెయ్యి. మొదటిదాన్ని మాత్రం చంపకు.”

మాటల వేడిలో ‘మీరు’ జారిపోయిన సంగతి ఆయన గమనించలేదు. ఆమె గమనించింది.

“ఆరోజు నేనూ ఒక్క మాట అనాల్సింది.”

ఆయన చీటీ అంచు సవరిస్తూ కూర్చున్నాడు. “గేటు దగ్గర గంటసేపు నిలబడ్డాను. నిన్ను ఉద్యోగం మానమనడానికి కాదు. ఊరికే, వస్తావేమోనని.”

మొహం చెల్లక ఆమె ఆరోజు వెనక తలుపు గుండా ఇంటికి వెళ్లిపోయింది. ఆ సంగతి చెప్పబోయేంతలో లోపలి నుంచి ఆయన భార్య కేక వేసింది.

“వదినగారూ, టీ తాగకుండా కదిలితే ఊరుకోను!”

వరస కలిపేసిన ఆ గొంతులో కల్మషం లేదు. ముగ్గురూ కలిసి టీ తాగారు.

‘మ’ సంపుటం రెండు అర్థాలతో అచ్చయింది. ఒక ప్రతి ఆయనకు పంపింది. నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది: ముప్పై ఒక్క తప్పులు, పేజీ నంబర్లతో సహా. సొంత కబురు ఒక్క ముక్క లేదు. కాగితం తిరగేసి చూసింది. వెనక ఖాళీ.

అయినా మళ్లీ మొదటి నుంచి, మెల్లగా, ఒక్కో తప్పూ చదువుకుంది. తర్వాత ‘య’ ప్రూఫులు ముందుగానే ఆయనకు పంపేందుకు పెద్ద కవరు కోసం సొరుగు లాగింది.