ఎలుగుబంటి, బకెట్టు, నానమ్మ చీపురు

మార్చిలో రెండో శనివారం మా కౌంటీలో ఎవరూ ఇంట్లో వంట చెయ్యరు. అందరూ ఫైర్ స్టేషన్‌కి వెళ్లి తింటారు. బక్‌వీట్ పిండితో పోసిన అట్లు, పంది సాసేజీలు, వాటి మీద ధారగా పోసే మేపుల్ పాకం. కొండల మధ్య రెండు వేల గడప కూడా లేని ఊళ్లు మావి. ఈ మేపుల్ పండగ జరిగే రెండు వారాంతాల్లో మాత్రం కార్లు కనుమ దాకా బారులు తీరతాయి. పట్నం వాళ్లు మా గొర్రెలను కూడా ఫోటోలు తీసుకుంటారు. గొర్రెలకు ఆ మర్యాద బాగా అలవాటైపోయింది, కెమెరా కనిపిస్తే తలెత్తి నిలబడతాయి.

వచ్చినవాళ్లందరికీ పండగ కమిటీ ఒక మ్యాపు ఇస్తుంది. అందులో ఎర్ర చుక్క ఉన్న చోటికే జనం వెళతారు. చుక్క లేని చోటు భూమ్మీద ఉన్నా లేనట్టే. మా పాకం షెడ్డుకు మొట్టమొదటి మ్యాపు నుంచీ చుక్క ఉంది. అది ఈ ఏటితో పోవచ్చని ఫిబ్రవరిలో నాకు ఉత్తరం వచ్చింది.

కొత్త షెడ్లు ఎక్కువయ్యాయట, మ్యాపులో చోటు చాలడం లేదట. అందుకని కమిటీ తరఫున రొవీనా టెటర్ పండగ రోజుల్లో ఒక్కో షెడ్డుకూ వచ్చి చూస్తుందట. ఆమె వచ్చేసరికి పెనం మరుగుతూ ఉండాలి. వచ్చినవాళ్లకు విజ్ఞానదాయకంగా చెప్పాలి. ఆ మాట దగ్గర నాకు ఒళ్లు మండింది. నలభై ఏళ్లుగా చెబుతున్న నాకు చెప్పడం ఎలాగో నేర్పుతారా?

మా షెడ్డు సంగతి చెప్పాలి. నా పేరు ఆర్డిత్. మా అన్నయ్య పేరు డెల్మర్. మా ఆయన పోయాక నేను పుట్టింటికి వచ్చేశాను, అన్నయ్య పెళ్లి చేసుకోలేదు, ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. ఏటా నాలుగు వందల మేపుల్ చెట్లకు బకెట్లు తగిలిస్తాం. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో రసం కారుతుంది. దాన్ని తెచ్చి, గొడ్డు పడుకునేంత పెనంలో పోసి, కట్టెల పొయ్యి మీద కాస్తాం. నలభై బకెట్ల రసం కాస్తే ఒక బకెట్టు పాకం. పెనంలో రసం లోతు మూడు వేళ్లు కూడా ఉండదు. మంట తగ్గకూడదు, రసం తగ్గకూడదు. ఒక్క నిమిషం ఏమరుపాటు చాలు, అడుగంటి మాడిపోతుంది.

అందుకే మా నాన్న షెడ్డు తలుపు మీద బొగ్గుతో ఒక నియమం రాశాడు. పొయ్యి చూసేవాళ్లు మాట్లాడకూడదు, మాట్లాడేవాళ్లు పొయ్యి చూడకూడదు. పొయ్యి డెల్మర్ పని, మాట నా పని. నాన్న మా ఇద్దరినీ చూసే ఆ నియమం పెట్టాడనుకుంటాను. డెల్మర్ వారానికి పది మాటలు మాట్లాడితే అది మంచి వారం. వచ్చినవాళ్లకు కథ చెబుతూ నేను గొంతు చించుకుంటుంటే, వీపు మాకు పెట్టి, ఒక కట్టె తోసి, పెనంలోకి రసం వదిలే తొట్టి కుళాయి తిప్పి, మొద్దులా నిలబడి ఉండేవాడు. జనం కడుపు పట్టుకుని నవ్వినా వాడు పెదవి కదిపింది లేదు. నా మాట ఒక్కటీ వాడి చెవిన పడదని నేను చాలా ఏళ్ల కిందటే తేల్చుకున్నాను.

ఆ చుక్క పోతే నాకు పోయేదేమిటో దాచకుండా చెబుతాను. డెల్మర్‌కు చుక్క ఉన్నా లేకున్నా ఒకటే, వాడు రసం కాస్తాడు. నాకు మాత్రం పదకొండు నెలలు గోడలతో మాట్లాడి, ఈ నాలుగు రోజులు మనుషులతో మాట్లాడటమే బతుకు. మ్యాపు మీద ఆ చుక్క నేనే.

పండగకు తొమ్మిది రోజుల ముందు డెల్మర్ రసం బకెట్లు తెస్తూ మంచు మీద జారిపడి భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. కుడి చేతికి కట్టు కట్టి, ఆరు వారాలు కదపకూడదన్నారు.

"వెండెల్‌ను పిలుద్దామా?" అన్నాడు. వెండెల్ ఒహాయోలో ప్లంబరు, ఏటా పండగకు వచ్చి మా షెడ్డులోనే సగం రోజు గడిపే భారీ మనిషి.

"ఎందుకూ? నేను లేనా?"

"పొయ్యి ఎవరు చూస్తారు?"

"నేనే."

"మాటో?"

"అదీ నేనే. ఏంటన్నయ్యా ఆ చూపు? నలభై ఏళ్లుగా నువ్వు చేసే ఘనకార్యం ఏముందక్కడ? కట్టెలు తోయడమేగా."

వాడు ఎడం చేత్తో టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

నేను కౌంటీ లైబ్రరీకి వెళ్లి ఐదు పేజీలు రాసుకొచ్చాను. చెట్టు లాటిన్ పేరు, రసంలో తీపి శాతం, మా కౌంటీకి ఎవరు ఏ ఏడు వలస వచ్చారు, అన్నీ. ఏటా చెప్పే తాతయ్య ఎలుగుబంటి కథ మాత్రం తీసేశాను. రొవీనా చదువుకున్న పిల్ల, కమిటీ మనిషి. ఆమె ముందు ఎలుగుబంటి ఏం బాగుంటుంది?

శనివారం పదింటికి షెడ్డు కిటకిటలాడింది. రొవీనా పుస్తకం, పెన్ను పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. పెనం తెల్లగా పొగలు కక్కుతోంది. మధ్యలో లేచే పని లేకుండా పొయ్యి నోరు పట్టినన్ని ఎండు కట్టెలు ఒకేసారి కూరేశాను. కుళాయి తర్వాత తిప్పొచ్చులే అనుకున్నాను. కాగితాలు విప్పి చదవడం మొదలుపెట్టాను.

రెండో పేజీకి వెండెల్ ఆవులించాడు. మూడో పేజీకి ఒకావిడ మెల్లగా అడిగింది, "ఏదో కమురు వాసన వస్తోందండీ?"

"అది మేపుల్ సువాసనమ్మా. పట్నంలో దొరకదు," అన్నాను ధీమాగా.

నాలుగో పేజీ తిప్పుతుండగా ఆవిరి రంగు మారింది. తెలుపు పోయి నీలంగా, ఆ తర్వాత నల్లగా పొగ లేచింది. పెనం ఒక మూల నుంచి చిటపటమని శబ్దం. నా చేతిలో కాగితాలు అలాగే ఉన్నాయి.

తలుపు దభాలున తెరుచుకుంది. డెల్మర్. ఒక చెయ్యి చొక్కాలో, ఒక చెయ్యి బయట, ఇంట్లోంచి పొగ చూసి పరిగెత్తుకొచ్చాడు, బూట్లకు తాళ్లు కూడా కట్టుకోలేదు.

"మంచు! పెనంలో మంచు పొయ్యండి! చేతుల్తో, టోపీల్తో, ఏది ఉంటే దాంతో! ఆర్డీ, పొయ్యి తలుపు తియ్యి, కట్టెలు బయటికి లాగు!"

వాడు షెడ్డులో అన్ని మాటలు ఒక్కసారిగా అనడం నేనెప్పుడూ వినలేదు. షెడ్డు వెనక నీడలో ఇంకా మోకాలెత్తు మంచు ఉంది. ముప్పై మంది పట్నం వాళ్లు టోపీలతో, స్కార్ఫులతో తెచ్చి కుమ్మరించారు. ఒకావిడ తన చేతిసంచీ బోర్లించి దాంతోనే తెచ్చింది. పెనం భగ్గుమని ఊపిరి వదిలి, బుసలు కొట్టి, చల్లబడింది. రేకుల అతుకుల్లో సీసం కరగలేదు. పెనం బతికింది, పాకం మాత్రం తారు అయింది.

రొవీనా మసి తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "ఆర్డిత్ ఆంటీ, చూసింది రాయాలి కదా నేను."

"రాయి. మాడ్చిందని రాయి, నా పేరు పెట్టి మరీ రాయి. కానీ మూడింటికి మళ్లీ వచ్చి అప్పుడు చూసింది కూడా రాయి."

"మూడింటికి కింది లోయలో కొత్త షెడ్డుకి వెళ్లాలి నేను."

"వాళ్లది గ్యాసు పొయ్యి. మీట నొక్కితే మరుగుతుంది, ఎప్పుడెళ్లినా అదే మరుగు. వాళ్ల దగ్గరికి నాలుగింటికి వెళ్లు. ఇక్కడికి మూడింటికే రా."

ఆమె పుస్తకం మూసి నా ముఖంలోకి చూసింది. "మీరు మారరు ఆంటీ," అని వెళ్లిపోయింది. వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు.

వెండెల్, ఇంకో నలుగురు ఉండిపోయారు. ఇసుక, వెనిగర్ వేసి పెనం తోమాం. గోళ్లలోకి నలుపు దిగింది. రెండున్నరకు కొత్త రసం పోశాం, వెండెల్ కట్టెలు సర్దాడు. డెల్మర్ మూలన బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. నేను వాడి ముందు నిలబడ్డాను.

"అన్నయ్యా, ఎన్ని నిమిషాలకి కట్టె వేస్తావు, ఎన్నింటికి కుళాయి తిప్పుతావు? చెప్పు. గడియారం చూసి వెండెల్‌తో చేయిస్తా."

"గడియారం నేనెప్పుడు చూశాను?"

"మరెలా తెలుస్తుంది నీకు?"

గడ్డం గోక్కున్నాడు. దొంగతనం బయటపడ్డవాడిలా నేల చూశాడు.

"ఎలుగుబంటి తల బకెట్లో ఇరుక్కుందంటావు చూడు, అప్పుడు కట్టె వేస్తా. అది గంటలా మోగుతూ ఊళ్లోకి పరిగెడితే, జనం చర్చి గంటనుకుని బయటికొచ్చారంటావే, అప్పుడు నురగ చూసుకుంటా. నానమ్మ చీపురు తీసిందంటే కుళాయి తిప్పుతా."

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది. జనం నవ్వడం ఆపేసరికి మళ్లీ కట్టె టైమవుతుంది. నువ్వు మళ్లీ మొదట్నించి చెబుతావుగా."

నలభై ఏళ్లు ఆ వీపును తిట్టుకున్నాను. ఆ వీపు ప్రతి మాటా విన్నది. ఎక్కడ ఊపిరి తీసుకుంటానో, ఎక్కడ గొంతు పెంచుతానో దానికి తెలుసు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

"ఈ ముక్క ముందే ఏడవొచ్చుగా, మొద్దూ!"

"కట్టెలు తోయడమేగా అన్నావు."

వెండెల్ పగలబడి నవ్వాడు. నేను ఐదు పేజీలూ పొయ్యిలో వేశాను. బాగా అంటుకున్నాయి.

మూడింటికి పొద్దుటికంటే ఎక్కువమంది పోగయ్యారు. పెనం మాడ్చిన ముసలావిడను చూడాలని వచ్చారని నాకు తెలుసు, రానీ అనుకున్నాను. రొవీనా అందరికంటే వెనక వచ్చింది, తోపులాటలో రసం తొట్టి పక్కకు చేరింది. డెల్మర్ ఒంటిచేత్తో పొంగు అణచడానికి పెనం మీద వేలాడదీసిన పంది కొవ్వు ముక్క దారం సరిచేసి, నాకేసి తల ఊపాడు.

నేను మొదలుపెట్టాను. తాతయ్య వేలంలో ఈ పెనం కొని, మంచులో గుర్రబ్బండి కూరుకుపోతే నెత్తిన బోర్లించుకుని పది మైళ్లు నడిచి రావడం. దారిలో ఎదురైన పాదిరీ, నడిచొచ్చే పెనాన్ని చూసి వెనక్కి పరిగెత్తడం. ఆ రాత్రే ఆకలిగొన్న ఎలుగుబంటి చెట్టు దగ్గరికి రావడం. "తీపి రుచి తగిలాక ఆగుతుందా? మూతి పెట్టింది, తల పెట్టింది, చెవులు కూడా పెట్టింది. ఇక తియ్యబోతే రాదే! బకెట్లో ఇరుక్కుపోయింది!"

వెండెల్ కట్టె తోశాడు.

ఎలుగుబంటి మోగుకుంటూ ఊరి మీద పడింది. జనం చర్చి గంటనుకుని లాగులతోనే బయటికొచ్చారు. డెల్మర్ నురగ చూశాడు. కొవ్వు ముక్క తగిలి పొంగు అణిగింది. మా తాతయ్య కట్టెల గుట్ట ఎక్కి కూర్చుని దేవుణ్ణి పిలిచాడు, దేవుడికంటే ముందు మా నానమ్మ వచ్చింది.

"నానమ్మ ఏం తీసిందనుకున్నారు? తుపాకీ కాదు..."

కుళాయి తిప్పమని చెప్పడానికి డెల్మర్ నోరు తెరిచాడు. అప్పటికే రొవీనా చెయ్యి కుళాయి మీద ఉంది.

"చీపురు!" అంది రొవీనా, నాకంటే ముందు. చెప్పి కుళాయి తిప్పింది. రసం సన్నగా, సరిగ్గా పెనంలోకి దిగింది. "మూడో తరగతిలో బడివాళ్లు ఇక్కడికే తెచ్చారు మమ్మల్ని," అంది అందరికేసి చూసి, ముఖం ఎర్రబడుతుండగా. "నేను ఇంటికెళ్లి మా అమ్మ చీపురు విరగ్గొట్టాను."

షెడ్డు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. వాళ్లు నవ్వు ఆపేసరికి వెండెల్ చేతిలో కట్టె సిద్ధంగా ఉంది. సాయంత్రం దాకా ఆ కథ ఆరుసార్లు చెప్పాను. ఐదోసారికి పాకం కుదిరి గరిటె అంచు నుంచి పలకలా జారింది. బంగారు రంగు, ఎక్కడా నలుసు లేదు. మొదటి చెంచా రొవీనా నాలుక మీద వేశాను. ఆమె పొద్దున రాసిన కాగితం చింపలేదు, నిజాయితీపరురాలు. దాని కిందే రాసి నాకు చూపించింది. పొద్దున మాడింది, మధ్యాహ్నం మరిగింది, చుక్క ఉండాలి.

కొండ వెనక్కి పొద్దు వాలుతుండగా ఇద్దరం ఇంటికి నడుస్తున్నాం. వాడి బూట్ల తాళ్లు వంగి నేనే కట్టాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ఇన్నేళ్లూ విన్నావు కదా అన్నయ్యా. ఒక్కసారైనా నవ్వొచ్చుగా? కనీసం చీపురు దగ్గర?"

డెల్మర్ నాలుగడుగులు వేశాడు.

"నవ్వితే కుళాయి ఎవరు తిప్పుతారు?" అన్నాడు. ఇంకో నాలుగడుగులు వేసి, "ఇంటికొచ్చాక నవ్వుకునేవాణ్ణి," అన్నాడు.