నాయనమ్మ పేరున్న పేజీ

ఫోన్ మోగినప్పుడు నా నోట్లో రెండు బట్టల క్లిప్పులున్నాయి. డాబా మీద మావారి చొక్కాలు ఆరేస్తున్నాను. పెళ్లయి యాభై రెండు రోజులు. తడిసిన మగ చొక్కా ఇంత బరువుంటుందని యాభై మూడు రోజుల కిందట ఎవరైనా చెప్తే నమ్మేదాన్ని కాదు. ఆ బరువు కూడా నాకు ముద్దొస్తోంది, ఏం చేయను!

"అమ్మాయ్, దొరికింది!" అన్నారు రికార్డుల ఆఫీసు గుమాస్తా గారు. "రెండో ప్రతి. గోడౌన్లో పై అరలో ఉంది. చుక్క నీరు తగల్లేదు, ఎలుక ముట్టుకోలేదు. మీ ఆయన్ని వెంటబెట్టుకుని ఇవాళే వచ్చెయ్."

క్లిప్పులు రెండూ నోట్లోంచి జారిపోయాయి. మెట్లు రెండేసి చొప్పున దిగాను. మా ఇంటి కింది గదే బైండింగ్ షాపు. తాతయ్య మొదలుపెట్టారు, మామయ్య నడిపారు, ఇప్పుడు మావారు కుడుతున్నారు. నేను లైబ్రరీలో పని చేస్తాను. చిరిగిన నిఘంటువు ఒకటి బాగుచేయడానికి వచ్చి, దాంతో పాటు నన్నూ పట్టుకుపోయాడని మా ఆఫీసులో ఇప్పటికీ ఏడిపిస్తారు.

"దొరికిందట!" అని అరిచాను.

మావారు జిగురు చేతులతోనే నన్ను ఎత్తి తిప్పారు. నా జాకెట్టు వీపున పది వేళ్లూ అచ్చుపడ్డాయి. కుట్టు బల్ల దగ్గర కూర్చున్న మామయ్య తలెత్తలేదు. ఆయనకి ఎడమ చెవి వినిపించదు, మేము ఆ వైపున ఉన్నాం.

ఈ వెతుకులాట ఎందుకో చెప్పాలి.

పెళ్లయిన రెండో రోజు నాయనమ్మ నన్ను తన గదిలోకి పిలిచి తలుపేసింది. మావారి నాయనమ్మకి ఎనభై ఒకటి. కంటిచూపు మసకబారింది గానీ మాట మాత్రం పదును. నగేదైనా ఇస్తుందేమో అనుకుని, మురిసిపోవడానికి సిద్ధంగా మొహం పెట్టుకున్నాను. దిండు కింద నుంచి ఒక మడత కాగితం తీసి ఇచ్చింది. పుట్టిన తేదీ, ఆమె పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఒక ఇంటి చిరునామా. కింద ఆఫీసు ముద్ర.

"నేను అనాథ శరణాలయంలో పెరిగాను. ఇరవయ్యో ఏట ఈ నకలు తీసుకున్నాను" అంది. "ఆ చిరునామాకి వెళ్లి అడిగాను. పక్కింటివాళ్లు చెప్పారు. ఈయన మా నాన్న. ఈమె మా అమ్మ. మా అమ్మని గొడ్డలితో నరికాడు. ఉరి తీశారు."

నేను కాగితం మీది ముద్రనే చూస్తున్నాను.

"నువ్వు చదువుకున్నదానివి. చెప్తే అర్థం చేసుకుంటావు. పిల్లల్ని కనకండి. నాకూ ఒక్కడితో చాలనిపించింది. వాడిలో కూడా ఆ రక్తం లేస్తుందేమోనని చూస్తూనే ఉన్నాను." గ్యాసు ఆపమని చెప్పినంత మామూలుగా అంది.

మామయ్యకి ఐదేళ్లప్పుడు కోపమొచ్చి పళ్లెం విసిరేశారట. నాయనమ్మ చెంప మీద కొట్టింది. చెవిలోంచి రక్తం వచ్చింది. ఆ తర్వాత మామయ్య గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు. ఇది నాకు మావారు చెప్పారు. మంచినీళ్లు అడగాలన్నా క్షమించమన్నట్టు అడుగుతారు మామయ్య.

ఆ మడత కాగితంలోనే ఇంకో చీటీ ఉంది. శరణాలయం వాళ్లు ఇచ్చింది. అందులో తల్లి ఆసుపత్రిలో బట్టలు ఉతికే మనిషి అనీ, తండ్రి పడవ బోల్తాపడి పోయాడనీ, తల్లి జబ్బుపడి రెండేళ్ల బిడ్డని అప్పగించిందనీ రాసుంది.

"ఈ రెండూ కలవడం లేదు కదా, నాయనమ్మా?"

"అదంతా వార్డెన్ దయ. అక్కడున్న అందరికీ మంచి అమ్మలే రాసేది. ఆఫీసు ముద్ర ఏది? అదే నిజం."

నాకు నిద్రపట్టలేదు. ఆ ఇంట్లో ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు చూసినా నాకు నవ్వొచ్చే రోజులవి. ఆ నవ్వు మధ్యలో గొడ్డలి వచ్చి కూర్చుంది. అందుకే రికార్డుల ఆఫీసుకి తిరగడం మొదలుపెట్టాను. పుట్టుకల రిజిస్టరు అప్పట్లో రెండు ప్రతులు రాసేవారనీ, ఒకటి పై ఆఫీసుకి పంపేవారనీ గుమాస్తా గారు చెప్పారు. ఆయన వచ్చే నెల రిటైరవుతున్నారు. "పోయేలోపు ఒక్క మంచి పనైనా చేసి పోతా" అని గోడౌనంతా తిరగేశారు.

రికార్డు గదిలో పొడవాటి బల్ల మీద రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఒకటి వానకి తడిసి అంచులు ముదురు రంగు తిరిగింది. రెండోది నిన్న కొన్నట్టుంది. పుస్తకం తెరిస్తే ఎడమ పేజీలో పిల్లల పేర్లు, తేదీలు. అదే వరుసలో కుడి పేజీలో తల్లిదండ్రులు, చిరునామా, సమాచారం ఇచ్చినవాళ్ల సంతకం. ఎడమ పేజీలు రెండు పుస్తకాల్లోనూ ఒకటే. నాయనమ్మ పేరు రెండింట్లోనూ పదకొండో వరుసలో ఉంది. కుడి పేజీలే వేరు. తడిసినదాంట్లో ఆ వరుసకి ఎదురుగా గొడ్డలి మనిషి. తడవనిదాంట్లో ఆసుపత్రిలో బట్టలు ఉతికే మనిషి.

"రెండు పుస్తకాలు, రెండు మాటలు" అన్నారు గుమాస్తా గారు. "రెండో ప్రతి రాసినవాడు కునికిపాట్లు పడుతూ రాశాడంటే నేనేం చెప్పను? నాకు రుజువు కావాలమ్మాయ్."

మావారు కూర్చోలేదు. తడిసిన పుస్తకం మీదకి వంగి పేజీలు ఒక్కొక్కటే తిప్పారు.

"తేదీలు చూడండి" అన్నారు. "తొమ్మిది నుంచి పదకొండు దాకా. తర్వాతి పేజీ పద్నాలుగు నుంచి. ఆ తర్వాత మళ్లీ పదకొండుకొచ్చింది. రోజులు వెనక్కి నడుస్తాయా?"

"పేజీల నంబర్లు వరుసగానే ఉన్నాయిగా?" అన్నారు గుమాస్తా గారు.

"అంచుల్లో అసలు నంబర్లు కుళ్లిపోయాయి. ఇవి ఎర్ర సిరాతో తర్వాత ఎవరో వేసినవి. రెండు కాగితాలు తారుమారు చేసి కుట్టారు. కాగితానికి ముందు ఒక జట్టు తల్లిదండ్రులు, వెనక ఇంకో జట్టు పిల్లలు. రెండు కాగితాలు అటూ ఇటూ అయితే మూడు చోట్ల పిల్లలకి వేరే అమ్మానాన్నలు వచ్చి కూర్చుంటారు."

మూడు చోట్ల. చోటుకి ఇరవై మంది.

గుమాస్తా గారు కళ్లజోడు తీసి తుడిచారు. "ముప్పై ఏళ్లుగా ఈ పుస్తకం చూసే నకళ్లు ఇస్తున్నాను" అని మెల్లగా అన్నారు.

నేను మాత్రం ఎగిరి గంతేయబోయాను. రక్తం లేదు! గొడ్డలి లేదు! మావారి చెయ్యి పట్టుకుని ఊపాను. ఆ చెయ్యి బరువుగా ఉంది. ఆయన వేలు పుస్తకం నడుము లోపల, దారం మీద ఉంది. కింది చివరన ముడిని తడుముతున్నారు.

"ముడి కింద పడింది" అన్నారు.

ఆ మాట ఒక్కటీ నాకు చాలు. తాతయ్యది ఎడమచేతి వాటం. అందరి ముడీ పైన పడితే ఆయనది కింద పడుతుంది. మా షాపులో ఆయన కుట్టిన పుస్తకం కళ్లు మూసుకుని కూడా చెప్పొచ్చు. ఆయనకి చదువు రాదు. బట్టలు కుట్టేవాడు అన్నీ వేసుకుని చూస్తాడా, పుస్తకాలు కుట్టేవాడికి చదువెందుకు అనేవారట. తడిసిన పుస్తకమైతే మరకల అంచులు కలుపుకుంటూ పేజీలు పేర్చేవారు. ఆ నేర్పు గురించి నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. పక్కపక్కనున్న రెండు కాగితాలకి అచ్చంగా ఒకే మరక పడితే ఏం చేస్తారో మాత్రం ఎవరూ అడగలేదు.

వాళ్లిద్దరూ కలిసిందే ఈ ఆఫీసు వరండాలో. నకలు పట్టుకుని ఏడుస్తూ బయటకొచ్చిన అమ్మాయికి, అక్కడ కూర్చుని వానకి తడిసిన రిజిస్టర్లు కుడుతున్న కుర్రాడు మంచినీళ్లిచ్చాడు. ఆమె ఆ చిరునామాకి వెళ్లొచ్చాక, గొడ్డలి సంగతంతా విని కూడా పెళ్లి చేసుకున్నాడు. 'హంతకుడి కూతుర్నని తెలిసీ చేసుకున్నాడు, దేవుడు' అంటుంది నాయనమ్మ. పన్నెండేళ్లయింది ఆయన పోయి. ఇప్పటికీ కాఫీ మొదటి గ్లాసు ఆయన ఫోటో వైపు ఎత్తి చూపించే తాగుతుంది.

"ఇంకోటుంది" అన్నారు గుమాస్తా గారు. తడవని పుస్తకంలో పదకొండో వరుస చివర, సంతకం చోట, తల్లి వేలిముద్ర. దాని కింద చిన్న అక్షరాలతో ఎవరో రాశారు: 'ఎడమ బొటనవేలు లేనందున కుడి బొటనవేలి ముద్ర తీసుకోవడమైనది.'

ఆ ముక్క నేను రెండుసార్లు చదివాను.

పోయిన వారమే, టీ తాగుతూ, నాయనమ్మ మమ్మల్ని నవ్వించడానికి చెప్పింది. "పెళ్లయిన కొత్తలో ఒక పిచ్చిది నా వెంటపడేదే. శరణాలయంలో అడ్రసు పట్టుకుందట. ఎడమ చేతికి బొటనవేలు లేదు, ఒళ్లంతా ఫినాయిలు కంపు. గేటు పట్టుకుని నిలబడేది. నేనే మీ అమ్మని అనేది! మా అమ్మ పేరు ఇదిగో చూడవే, ఆవిడ ఎప్పుడో చచ్చింది అని ఈ కాగితం చూపించేదాన్ని. దానికి చదువొస్తేగా! నాలుగేళ్లు వచ్చింది. ఒకరోజు విసుగెత్తి బకెట్టు నీళ్లు గుమ్మరించాను. మళ్లీ రాలేదు."

మేం నవ్వాం. నేనైతే పొట్ట పట్టుకుని నవ్వాను.

బస్సులో మావారు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. "అమ్మానాన్నల సంగతి చెప్దాం" అన్నారు చివరికి. "వేలిముద్ర సంగతి వద్దు. తాతయ్య సంగతి అసలే వద్దు. ఆ వయసులో చెప్పి ఏం సాధిస్తాం?"

సరేనన్నాను. ఆయన భుజం మీద తల పెట్టుకున్నాను. నా జాకెట్టు మీద జిగురు ఎండి చర్మం లాగుతోంది.

ఇంటికొచ్చేసరికి సాయంత్రపు వెలుతురు ఇంకా ఉంది. నాయనమ్మ మంచం మీద కూర్చుని కాళ్లు ఊపుతోంది.

"ఏరా, ఇద్దరూ తిరనాళ్లలో తప్పిపోయినవాళ్లలా వచ్చారేం? చెప్పు మనవరాలా, ఏం రాసుంది?"

నేను ఆమె చెయ్యి పట్టుకుని చెప్పాను. పేజీలు తారుమారయ్యాయని, గొడ్డలి మనిషి ఆమెకి ఏమీ కాడని, నాన్న పడవ మునిగి పోయాడని. ఆమె మొహంలో ముడతలన్నీ ఒక్కసారి విప్పుకున్నాయి. చిన్నపిల్లలా నోరు తెరిచింది.

"మరి మా అమ్మ?"

"వార్డెన్ రాసిందే నిజం, నాయనమ్మా. ఆసుపత్రిలో బట్టలు ఉతికేది."

ఊగుతున్న కాళ్లు ఆగాయి.

"సంతకం పెట్టిందా, వేలిముద్రా?"

"వేలిముద్ర."

"ఏ చేతిది?"

నేను మావారి వైపు చూశాను. ఆయన నేల వైపు చూస్తున్నారు. అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం నేను వాడుకోలేకపోయాను.

"కుడి చేతిది" అన్నాను.

నాయనమ్మ తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకుంది. బకెట్టు పట్టుకున్న చెయ్యి అదేనేమో. తర్వాత అడిగింది.

"ఆ పుస్తకం ఎవరు కుట్టారురా?"

"పాతది కదా, నాయనమ్మా, ఎవరో..." అని నసిగారు మావారు.

"ఆ ఏడాది వానకి తడిసినవన్నీ కుట్టింది ఒక్కడే. బైండరు పెళ్లానికి చెప్తున్నావా? ముడి ఎక్కడుంది?"

"కింద" అన్నారు మావారు.

గోడ మీద తాతయ్య ఫోటో ఉంది. అటు చూడలేదామె. చూసినా ఆ కళ్లకి కనపడదు.

మామయ్య టీ ట్రేతో లోపలికొచ్చారు. "ఏమంటోంది అమ్మ?" అని అడిగారు మెల్లగా. నేను ఆయన కుడి వైపుకి వెళ్లి, చెవి దగ్గర వంగి, అంతా మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టంగా ఉంది. ఆయన ట్రే కింద పెట్టారు. గ్లాసులు గలగలమన్నాయి.

"అంటే, ఆ రక్తం మనలో లేదన్నమాట."

"లేదు మామయ్యా."

"ఎప్పుడూ లేదా?"

"ఎప్పుడూ లేదు."

ఆయన చెయ్యి ఎడమ చెవి దాకా వెళ్లింది. అక్కడే కాసేపుండి కిందికి దిగింది. నాయనమ్మ "ఒరేయ్ నాన్నా" అని పిలిచింది. ఆమె ఉన్నది ఆయనకి వినిపించని వైపు. ఆయన గ్లాసులు సర్దుతూనే ఉన్నారు. ఆమె రెండోసారి పిలవలేదు.

పిల్లల మాట ఆమె ఎత్తుతుందని ఎదురుచూశాను. ఎత్తలేదు. నేనూ అడగలేదు.

"రేపు ఆఫీసు ఎన్నింటికి తెరుస్తారు?" అంది కాసేపటికి. గొంతు మామూలుగానే ఉంది.

"పదింటికి" అన్నారు మావారు. "పాత పుస్తకం విప్పి సరిగ్గా కుట్టమన్నారు నన్ను."

"నువ్వు కుట్టు. విప్పేది మాత్రం నేను. ఆ ముడి నా చేత్తోనే కోస్తాను." నా వైపు తిరిగింది. "తర్వాత నువ్వు నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ చనిపోయినవాళ్ల పుస్తకం కూడా ఉంటుంది కదా. ఎప్పుడు పోయిందో, ఎక్కడ పెట్టారో చూద్దాం. నా కళ్లకి ఆనదు, నువ్వే చదవాలి."

"చదువుతాను, నాయనమ్మా."

"తొమ్మిదిన్నరకే బయల్దేరదాం. చిన్న కత్తెర సంచిలో పెట్టుకో. పెద్దదైతే కాగితం తెగుతుంది."