మూడో పెట్టెకు బంతిపూల దండ

ఏ బేరంలోనైనా ముందు నష్టమెంతో తేల్చుకున్నాకే లాభం వైపు చూసే మనిషి శ్యామ్‌సుందర్. ఆ శనివారం స్టేడియంలో కూర్చున్నా అతని కళ్ళు ఆట మీద లేవు, లాప్‌టాప్ మీదే ఉన్నాయి. ఇక్కడి వీడియో నోవై ఊళ్ళోని తన షాపుకు వెళ్ళి, అక్కడి సర్వర్లలో మూడో పెట్టెలోంచి టీవీ చానెల్‌కు చేరుతుంది. ఇవాళ బొమ్మ ఒక్కసారి ఆగినా వచ్చే ఏడాది కాంట్రాక్టు లేదని చానెల్ వాళ్ళు ముందే చెప్పారు.

ఒంటిగంటా ఇరవైకి తెరమీద ఎర్ర గుర్తు వెలిగింది. మూడో పెట్టె, అరవై నాలుగు డిగ్రీలు. డెబ్బై అయిదుకు దానంతటదే ఆగిపోతుంది. నిమిషానికో డిగ్రీ పెరుగుతోంది. చేతిలో ఉన్నవి పదకొండు నిమిషాలు, షాపుకు డ్రైవ్ నలభై. వెళ్ళి లాభం లేదు.

కార్ల కంపెనీలో రిటైరై, వారాంతాల్లో షాపు చూసుకునే పాపయ్యకు ఫోన్ కొట్టాడు.

"పాపయ్య గారూ, ఏసీ ఆగిందా? మూడోది హీట్ అవుతోంది."

"లేదు బాబూ, స్వెటర్ వేసుకుని కూర్చున్నా. పొద్దున ఆయుధ పూజ కూడా చేశా. బొట్లు, దండలు..."

"దండ ఎటువైపు వేశారు?"

"ముందువైపే. వీపుకి ఎవరైనా వేస్తారా? పెద్ద మ్యాచ్ దాని మీదే కదా అని మూడోదానికి నాలుగు పేటలు చుట్టా."

పెట్టె గాలి పీల్చుకునేది ముందువైపు నుంచే.

"వెంటనే తీసేయండి!"

"ఉద్వాసన చెప్పకుండానా? రేపటిదాకా కదపకూడదు. అసలు ఇవాళ వాటితో పని చేయించడమే తప్పు."

అరవై తొమ్మిది. వాదిస్తే నిమిషాలు ఖర్చవుతాయి. ఎదుటివాణ్ణి తనది వదులుకోమంటే బేరం కుదరదు, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో చూపించాలి.

"మీ కారుకి పూజ అయిందా?"

"సాయంత్రం చేద్దామని..."

"అయితే దండ తీసెయ్యొద్దు. కారుకి వేయండి. పూజ ఆగినట్టు కాదుగా!"

"మాటలు నీ దగ్గర నేర్చుకోవాలయ్యా." అడుగుల చప్పుడు. "దారం చిక్కుపడింది బాబూ."

"కత్తెర!"

"దానికీ పూజ చేశా."

"పళ్ళతో కొరకండి!"

డెబ్బై మూడు. డెబ్బై మూడు. డెబ్బై రెండు.

శ్యామ్‌సుందర్ ఊపిరి పీల్చుకున్నాడు. వెంటనే కోపం వచ్చింది. "ఎర్రదానికి ముందు పసుపు లైటు వచ్చి ఉండాలే. ఫోన్ చెయ్యరా?"

"పసుపుకి డిస్టర్బ్ చెయ్యొద్దన్నది నువ్వేగా. నీ ఫోన్‌కి కూడా రాకుండా ఆపేసుకున్నావుగా!"

నిజమే. ఆగస్టులో అన్నం తిననివ్వడంలేదని తనే వాటి నోరు నొక్కాడు. పాపయ్య పేరున రాయబోయిన తప్పు తన పేరున వేసుకుని, పసుపు హెచ్చరికలన్నీ మళ్ళీ ఆన్ చేశాడు.

ఆట ముగిసేదాకా బొమ్మ ఆగలేదు. పసుపు హెచ్చరికలతో ఫోనూ ఆగలేదు. వెళ్తూ వెళ్తూ చానెల్ మేనేజరమ్మ బొటనవేలు చూపించి, "క్వైట్ డే!" అంది.

అతను నవ్వబోయాడు. చొక్కా జేబులో ఫోన్ మళ్ళీ గుర్రుమంది. నవ్వు సగంలో ఆపి, తీసి చూశాడు.