పోపుల డబ్బా వైద్యం

ఘాజియాబాద్‌లో మేముండే సొసైటీలో తెలుగు కుటుంబాలు పద్నాలుగు. ఆ పద్నాలుగింటికీ నేను డాక్టర్ దశరథ్‌ని. నా మెడలో వేలాడేది స్టెతస్కోపు కాదు, నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇచ్చిన ఐడీ కార్డు. తెనాలిలో రెండుసార్లు ఎంసెట్ రాసి, రెండుసార్లూ మెడిసిన్ సీటుకి ఆమడ దూరంలో ఆగిపోయినవాణ్ణి. సీటు నన్ను వద్దనుకుంది గానీ నేను వైద్యాన్ని వదల్లేదు. మూడో అంతస్తు అనసూయ ఆంటీ మోకాలు పట్టుకుంటే చాలు, నా చెయ్యి చొక్కా జేబులోకి పోయేది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడక్కుండానే పెట్టేవాణ్ణి, మాత్రలు.

నా ఆసుపత్రి ఒక పోపుల డబ్బా. నా భార్య గౌరి కొత్తది కొనుక్కున్నప్పుడు పాతదాన్ని నేను చేజిక్కించుకున్నాను. ఆవాలూ జీలకర్రా ఉండాల్సిన ఏడు గిన్నెల్లో ఏడు రకాల మందులు. స్ట్రిప్పులు గిన్నెల్లో పట్టవు కాబట్టి, మాత్రలన్నీ నొక్కి బయటికి తీసి, స్ట్రిప్పుల్ని చెత్తబుట్టలో పారేసేవాణ్ణి. గిన్నెగిన్నెకీ తెల్ల టేపు అంటించి బాల్‌పెన్నుతో తెలుగులో రాశాను. జ్వరం, జలుబు, కడుపు, గ్యాసు, నొప్పులు, గాభరా, నిద్ర. తెలుగులో ఎందుకంటే, పనికొచ్చే దీదీకి తెలియకూడదని. మందుల పేర్లు ఎందుకు రాయలేదంటే, అవి నా బుర్రలో భద్రంగా ఉన్నాయని. ఆ బుర్ర సంగతే ఇప్పుడు చెబుతున్నాను.

గాభరా, నిద్ర గిన్నెలకి ఒక చరిత్ర ఉంది. ఆరేళ్ళ కిందట నా ఉద్యోగం ఊగిసలాడినప్పుడు ఒక అసలు డాక్టరు నాకు పదిహేను రోజులకి మాత్రలు రాశాడు. ఆ చీటీ ఫొటో ఫోన్లో పెట్టుకుని పదిహేను రోజుల మందుని ఆరేళ్ళు లాగాను. మెడికల్ షాపు భయ్యా మొదట్లో ఫొటో చూసేవాడు, తర్వాత నా మొహం చూసేవాడు, ఆ తర్వాత నేను మెట్లెక్కుతుంటేనే తీసి పెట్టేవాడు. మా అమ్మ జానకీదేవి వచ్చినప్పుడు ఆవిడ నిద్రమాత్రలు కూడా కొన్ని నిద్ర గిన్నెలో కలిపేశాను. రెండూ తెల్లవే, రెండూ గుండ్రంవే, రెండూ నిద్రకే. ఇంకేం తేడా ఉంటుంది అనుకున్నాను. ఎంసెట్ వాళ్ళు నాకు సీటు ఎందుకివ్వలేదో ఆ ఒక్క మాటలోనే ఉంది.

మా ఇంట్లో కష్టమేదైనా వైద్యం ఒకటే. ఆఫీసులో అప్రైజల్ ఉంటే నాకు సగం మాత్ర. అమ్మకీ గౌరికీ మాటామాటా వస్తే చెరో సగం. 'సగమే కదా, ఏం కాదు' అనేది నా తారకమంత్రం. మా అమ్మాయి మైథిలి టెన్త్ లెక్కల పరీక్ష ముందురోజు వెక్కివెక్కి ఏడ్చింది. ఏమ్మా, ఏమైంది, లెక్కలంటే భయమా అని పక్కన కూర్చుని అడగొచ్చు. అడగలేదు. వంటింట్లోంచి కత్తి తెచ్చి గాభరా మాత్రని రెండు ముక్కలు చేశాను.

"చిన్నపిల్లండీ, దానికెందుకు?" అంది గౌరి.

"సగమే కదే, ఏం కాదు" అన్నాను.

పిల్ల నిద్రపోయింది. లెక్కల్లో తొంభై నాలుగు వచ్చాయి. ఆ తొంభై నాలుగులో సగం నావేనన్నట్టు లిఫ్టులో కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నాను.

ఆరు నెలలు తిరిగేసరికి నిద్ర గిన్నె తొందరగా అడుగంటడం మొదలైంది. మామూలు తండ్రి అయితే అనుమానపడేవాడు. నేను డాక్టర్ని కదా, బాగా ఆలోచించి, అమ్మ వాడుతోందని తేల్చి, కొత్త స్ట్రిప్పు తెచ్చి నింపాను. అలా నాలుగుసార్లు నింపాను. అమ్మ తెనాలి వెళ్ళిపోయి మూడు నెలలైందన్న సంగతి నాకు తట్టలేదు.

ఆ రోజుల్లో మైథిలి గురించి నాకున్న బెంగ ఒకటే, పిల్లకి తెలుగు రాదని. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. అఆలు రాయమంటే "పాపా, ప్లీజ్" అని తలుపేసుకుంటుంది. పదకొండో క్లాసుకొచ్చిన పిల్ల తన పేరు తెలుగులో రాసుకోలేదని తెలుగు సంఘం మీటింగులో మైకు పట్టుకుని బాధపడ్డాను కూడా.

ఒక మంగళవారం పొద్దున్న పదకొండింటికి, నేను ఆఫీసులో మీటింగులో ఉండగా, మైథిలి స్కూలు నుంచి ఫోనొచ్చింది. వెంటనే రమ్మన్నారు. దాని స్నేహితురాలు ప్రీతి కెమిస్ట్రీ ల్యాబులో బల్ల మీద తల వాల్చి, ఎంత లేపినా లేవడం లేదట. ఆసుపత్రికి తీసుకెళ్ళారట. ఏవో మాత్రలు మింగిందట. మైథిలికి తెలుసని అనుమానమట.

దారంతా క్యాబులో ప్రీతి వాళ్ళ నాన్నని తిట్టుకుంటూ వెళ్ళాను. ప్రిన్సిపాల్ గదిలోకి అడుగు పెట్టేసరికి నా ఉపన్యాసం తయారుగా ఉంది. గోడకి ఆనుకుని మైథిలి తల వంచుకుని నిలబడింది. నేను దానివైపు సరిగ్గా చూడను కూడా లేదు. "మేడమ్, ఈ కాలం తల్లిదండ్రులు ఇంట్లో మందులు ఎక్కడ పడితే అక్కడ పెడతారు. అదీ అసలు సమస్య" అని హిందీలో మొదలుపెట్టాను. ప్రిన్సిపాల్ మేడమ్ పాపం చాలా మర్యాదస్తురాలు. రెండు నిమిషాలు విన్నది. తర్వాత సొరుగులోంచి ఒక రేకు జామెట్రీ బాక్సు తీసి నా ముందు పెట్టింది.

"ఇది మైథిలి బ్యాగులో దొరికింది. పిల్ల నోరు విప్పడం లేదు. ఆసుపత్రివాళ్ళు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. దీనిమీద ఏదో రాసుంది, మాకెవరికీ ఈ లిపి రాదు. మీ భాషేనా సార్?"

మూత తెరిచాను. లోపల అట్టముక్కలతో చిన్నచిన్న గదులు, గదుల్లో విడి మాత్రలు. గదికో తెల్ల టేపు ముక్క. టేపు మీద బాల్‌పెన్నుతో, ఒంకర్లు పోతూ, తెలుగు అక్షరాలు. నొప్పులు. గాభరా. నిద్ర. నా రాతని చూసి ఒక్కో గీతా దించుకుంది. 'నిద్ర' అన్న మాటలో రావత్తుని నేను ఎప్పుడూ కాస్త పొడుగ్గా లాగుతాను. అదీ అలాగే లాగింది.

నా కూతురికి తెలుగు రాయడం వచ్చు. నేనే నేర్పాను.

"ఏం రాసుంది సార్?"

ఆ గదిలో ఆ అక్షరాలు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. తలనొప్పి, జలుబు అని చెప్పినా నమ్ముతారు. విటమిన్లు అన్నా నమ్ముతారు. నిజం చెప్పాలంటే, విటమిన్లన్న మాట నోటిదాకా వచ్చింది. పిల్లని స్కూల్లోంచి తీసేస్తారు, సొసైటీలో తలెత్తుకోలేను, డాక్టర్ దశరథ్ పరువు పోతుంది. అన్నీ ఒక్క క్షణంలో లెక్క కట్టుకున్నాను. అప్పుడు మైథిలి తలెత్తి నావైపు చూసింది. నేను ఏం చెబితే అదే తనూ చెప్పడానికి సిద్ధంగా ఉన్న చూపు అది. ఇన్నాళ్ళూ నన్ను చూసి నేర్చుకుంటున్నట్టే, ఇప్పుడూ చూస్తోంది. నాకు భయమేసింది. జీవితంలో అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

"ఇది గాభరాకి. ఇది నిద్రకి" అన్నాను. "ఈ మందులు నావి. మా ఇంట్లోవి."

మేడమ్ ఆసుపత్రికి ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. అవతల డాక్టరు గొంతు తొందరగా ఉంది.

"మందు పేరేంటి?"

"రెండు రకాలు కలిసిపోయాయి. ఏది మింగిందో తెలియదు."

"స్ట్రిప్పు ఫొటో పంపండి."

"స్ట్రిప్పులు పారేస్తానండీ."

"ఆప్ డాక్టర్ హై క్యా?"

"నహీ" అన్నాను. పద్నాలుగు కుటుంబాల్లో ఎవరికీ ఎన్నడూ చెప్పని మాట.

నా మందు పేరు ఫోన్లో ఉన్న పాత చీటీ చూసి చెప్పాను. అమ్మ మందు పేరు, నా బుర్రలో భద్రంగా ఉండాల్సింది, ఎంత వెతికినా లేదు. తెనాలికి ఫోన్ చేశాను. "నీ డబ్బా మీద నాకు మొదట్నించీ నమ్మకం లేదురా. నా స్ట్రిప్పు నా దగ్గరే దాచుకున్నా" అని అమ్మ అక్షరం అక్షరం చదివి వినిపించింది. రెండు పేర్లూ డాక్టరుకి చేరాయి, నేనూ గౌరీ ఆసుపత్రికి చేరాం. సాయంత్రం నాలుగింటికి ప్రీతి కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది. వాళ్ళమ్మ కాళ్ళు పట్టుకోబోయాను. ఆవిడ వెనక్కి జరిగి, వెళ్ళమంటూ "జాయియే" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

వరండాలో గౌరి బెంచీ మీద కూర్చుని ఉంది. "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?" అంది. మళ్ళీ తనే, "మిమ్మల్ని ఒక్కర్నే అనడం లేదు. మీరు సగం చేసి ఇచ్చినప్పుడల్లా నేనూ చెయ్యి చాపాను కదా" అంది.

మర్నాడు అదే ఆసుపత్రిలో మైథిలిని ఒక లేడీ డాక్టరుకి చూపించాం. పోపుల డబ్బా కూడా పట్టుకురమ్మంది. ఆవిడ గిన్నెలు ఒక్కొక్కటే తీసి చూస్తుంటే, నా ఎంసెట్ జవాబుపత్రం ఇన్నేళ్ళకి దిద్దుతున్నట్టుంది. ఎన్నాళ్ళుగా వేసుకుంటున్నావని అడిగితే, మైథిలి ఎనిమిది నెలలంది. రెండు నెలలుగా రోజూనట. ఒక్కసారిగా మానితే ప్రమాదమనీ, తన కనుసన్నల్లో మెల్లగా తగ్గించాలనీ, మందు గౌరి దగ్గరే తాళమేసి ఉంచాలనీ డాక్టరు చెప్పింది. 'తండ్రి దగ్గర కాదు' అని చీటీ మీద విడిగా రాసి గీత కూడా గీసింది. నాకూ ఒక ఓపీ చీటీ రాయించుకోమంది. ఆరేళ్ళ తర్వాత నేను మళ్ళీ రోగినయ్యాను.

"ప్రీతికి ఎందుకిచ్చావు?" అని డాక్టరు మెల్లగా అడిగింది.

మైథిలి హిందీలోనే చెప్పింది. "ఏడుస్తోంది ఆంటీ. మా ఇంట్లో ఎవరైనా ఏడిస్తే పాపా మాత్ర ఇస్తారు. తను చాలా ఏడ్చింది. అందుకే సగం కాకుండా మూడిచ్చాను."

డాక్టరు మమ్మల్ని కాసేపు కూర్చోమని బయటికి వెళ్ళింది. గౌరి ఓపీ చీటీ కోసం కౌంటరు దగ్గరికెళ్ళింది. గదిలో మేమిద్దరమే మిగిలాం. మైథిలి ఏడవడం మొదలుపెట్టింది. టెన్త్ పరీక్ష ముందురోజు ఏడ్చినట్టే, వెక్కివెక్కి.

నా చెయ్యి చొక్కా జేబులోకి పోయింది.

నేను పంపలేదు, అదే పోయింది. మైథిలి ఏడుపు ఆపి, ఆ చేతినే చూస్తోంది. వేళ్ళకి ఏమీ తగల్లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"పాపా, ఆజ్ నీంద్ నహీ ఆయీ తో?" అంది.

"నీకు నిద్ర రాకపోతే నాకూ రాదు. కూర్చుందాం."

"క్యా దోగే?"

"ఏమీ ఇవ్వను. పక్కనుంటాను."

నమ్మలేదు. దాని చూపు జేబు మీంచి కదల్లేదు. నేను జేబుని పట్టుకుని లోపలిది బయటికి లాగి చూపించాను. కుట్టు దగ్గర ఎప్పటివో విరిగిన ముక్కల తెల్లటి పొడి కాస్త అంటుకుని ఉంది. లేచి వెళ్ళి వాష్‌బేసిన్‌లో దాన్ని దులిపి, జేబు తడిపి కడిగి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది.

మైథిలి కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆ తడి జేబు మీదే తల పెట్టి, మళ్ళీ ఏడవడం మొదలుపెట్టింది. ఏమ్మా, ఏమైంది అని అడిగాను.